కుడికాలి వెనకవేలు

"జయరాం! ఈ పక్క!"

జీపు దిగీ దిగకముందే కాలువగట్టు మీదినుంచి వినిపించిందా పిలుపు. నాకు ఒళ్లు మండింది.

పెళ్లయి నెల కాలేదు. మావారి పేరు నేనింకా నోటితో పలకలేదు. కాగితం మీద మాత్రం రాసుకుంటాను, జయరాముడు అని. రాసిన ప్రతిసారీ ఇంట్లో ఎవరికీ తెలియకుండా బెల్లం ముక్క నోట్లో వేసుకున్నంత సంతోషం. అంత ముద్దుగా దాచుకున్న పేరును సగానికి తుంచి, ఎండలో నిలబడి, ఎవరో డాక్టరమ్మ ఊరంతా వినేలా అరిచింది.

ఆమె డాక్టర్ సుబ్బలక్ష్మి. కాలేజీలో మావారితో కలిసి చదువుకుందట. ఇప్పుడు కణేకల్‌లో మెదడువాపు జబ్బును ముందే పసిగట్టే నిఘా కేంద్రానికి అధికారి. ఊళ్లోవాళ్లు దాన్ని కొంగలాపీసు అంటారు. నిన్న సాయంత్రం ట్రంకాల్ చేసి, "కోళ్లు మారిపోయినాయి, నువ్వు వెంటనే రావల్ల" అంది. పోలీసు ఉద్యోగం వదిలేసి అనంతపురంలో సొంతంగా పరిశోధనలు చేసుకునే మావారు వెంటనే సంచి సర్దుకున్నారు. నేనూ వస్తానని పట్టుబట్టాను. ఫోన్లో ఆడగొంతు విన్నాక ఏ భార్య అయినా అదే చేస్తుంది.

"నీకిష్టమని చిత్రాన్నం చేసి తెచ్చినా" అంది సుబ్బలక్ష్మి, టిఫిన్ క్యారియరు చూపిస్తూ.

చిత్రాన్నం ఇష్టమా? నాకు చెప్పలేదే! నేను ఇన్ని రోజులుగా ఉగ్గాని చేసి పెడుతున్నాను.

"తిండి తర్వాత. సంగతి చెప్పు" అన్నారాయన. నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

ఆమె వరిమడి వైపు చెయ్యి చూపించింది. నీళ్లలో కొంగలు బారులు తీరి ఉన్నాయి. గట్టు మీద, నాలుగు గుంజల మీద నిలబెట్టిన తంతిబోనులో పది కోళ్లు.

"కొంగల ఒంట్లో ఈ వైరస్ ఉంటాది. మడిలో పుట్టిన దోమ కొంగను కుట్టి, తర్వాత పిల్లల్ని కుట్టిందంటే మెదడువాపు. అందుకే మా వలగదిలో దోమ తగలకుండా పొదిగించిన కోళ్లను ఈడ పెట్టినాం. దోమలు వీటినీ కుడతాయి. కోడికి జబ్బు రాదు గానీ దాని రక్తంలో ఆనవాలు మిగుల్తాది. వారం వారం రెక్క కింద నరంలోంచి రక్తం తీసి పరీక్ష చేస్తాం. ఆనవాలు కనపడితే చాలు, ఊరికి మందు కొట్టించి, ఈ వైరస్‌ను ఒంట్లో పెంచే పందుల్ని దూరంగా తోలించి, పిల్లోల్లను దోమతెరల్లో పండబెడతాం."

"మొన్నటి పరీక్షలో?"

"ఏమీ లేదని వచ్చింది. మందు లారీని వేరే తాలూకాకు పంపించేస్తిమి. నిన్న యేసన్న సెలవు నుంచి వచ్చినాడు. ఈ బోను చూసుకునే మనిషి ఆయనే. తల్లి పోతే తనకల్లుకు పోయి రెండు వారాలుండె. వస్తూనే బోను చూసి, 'ఇవి నా కోళ్లు కావు మేడం' అన్నాడు. కాళ్లకు మా నంబరు వేసిన రింగులుండాయి, ఈకల రంగులూ సరిపోయినాయి. కానీ ఆ మనిషి ఉత్తపుణ్యానికి మాట అనడు."

"ఇప్పుడు యేసన్న యాడ?"

"లాకప్‌లో. తానే కోళ్లు కోసుకుని తిని వేరేవి పెట్టినాడని ఎస్సై కేసు రాసినాడు. మధ్యాహ్నం కోర్టుకు తీసుకుపోతాడంట." ఆమె గొంతు తగ్గింది. "కేసు అట్ల ముగిసిపోతే అసలు కోళ్లను ఎవరూ వెతకరు. నాకు ఆ కోళ్లు కావల్ల జయరాం. వాటి రక్తం చూస్తేగానీ ఈ ఊరికి ముప్పు ఉండాదో లేదో చెప్పలేను. అదొక్కటీ తెలిస్తే సాయంత్రానికి లారీని వెనక్కి తెప్పిస్తా."

అప్పుడే మోటారుసైకిలు చప్పుడు. ఎస్సై గంగాధరప్ప దిగాడు. పోయిన ఏడాది ఒక బట్టల దుకాణం కేసులో పేపర్లో మావారి పేరు పడింది, ఈయన పేరు పడలేదు. ఆ మంట ఇంకా ఆరలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

"ఏమప్పా డిటెక్టివూ! పోయినవి పది కోళ్లు. దానికి అనంతపురం నుంచి నువ్వూ, నీ పెండ్లామూ. ఇంగ కుక్కను గూడా పిల్చుకొని రాకపోయినావా?"

"ఈడ నువ్వుండావు కదా అని వదిలేసొచ్చినా అన్నా."

నేను నవ్వు ఆపుకోలేక పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. గంగాధరప్ప మీసం వణికింది.

"నవ్వండి, నవ్వండి. తాళం పగల్లేదు. తాళంచెవులు రెండు. ఒకటి యేసన్నది. వాడు పోతాపోతా జేబులో వేసుకొని పోయినాడు. అంటే పోయే ముందే మార్చినాడు. రెండోది ఈ మేడం దగ్గర. యేసన్న కాదంటావా, అయితే మేడమే తిన్నిందని చెప్పు. ఆమెనూ లోపలేస్తా."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ ఆలోచన నాకు చల్లటి గోలీసోడా తాగినట్టు అనిపించింది.

మావారు బోను ముందు గొంతుక్కూర్చున్నారు. తాళం తిప్పి చూశారు. ఒక కోడిని పట్టి దాని కాలి రింగును ఎండకు పెట్టారు. "పట్టకారుతో విప్పి మళ్లీ నొక్కినారు. గీతలుండాయి" అన్నారు. "రక్తం తీసేటప్పుడు తాళంచెవి ఎవరి చేతిలో ఉంటాది సుబ్బూ?"

సుబ్బూ!

నేను గట్టు మీది రాయిని చెప్పుతో తన్నాను. అది నీళ్లలో పడి నాలుగు కొంగలు లేచాయి.

"యేసన్న లేడు కాబట్టి ఈ రెండు వారాలూ అంజినప్పగారికి ఇచ్చినా. ఆయనే కోడిని పట్టి, బెదరకుండా తలా కాళ్లూ గుడ్డలో చుట్టి ఇస్తాడు. నేను రెక్క పట్టుకొని సూది గుచ్చుతా, అంతే. పని అయిన వెంటనే తాళంచెవి నాకు ఇచ్చేస్తాడు."

"పేరు వినపడితే వచ్చినా మేడం" అన్న మాట వెనకనుంచి వినిపించింది. అంజినప్ప. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో దోమలు పట్టే గాజు గొట్టం. ఈ ఆఫీసులో అందరికన్నా ముందునుంచీ ఉన్నవాడు. "పెద్దాయన వచ్చినాడు, ఆయన్నడగండి" అన్నాడు ఎస్సై.

"మీరు కోళ్లను ఎప్పుడైనా విడిగా చూసినారా?" అని మావారు అడిగారు.

"నాది దోమల పని నాయనా. పదిహేనేండ్లుగా పసువుల కొట్టాల్లో చీకటి పడే వేళ నిలబడి దోమలు పట్టి లెక్కబెట్టినోన్ని. కోళ్లు మేడంగారివి. కొత్త జీపూ కోళ్లదే. హైదరాబాదు నుంచి పెద్దలు వస్తే చూసిపోయేదీ కోళ్లనే." నవ్వుతూనే అన్నాడు. కానీ అంటూ సుబ్బలక్ష్మి వైపు ఒక చూపు చూశాడు.

ఆ చూపు నాకు బాగా తెలుసు. పొద్దున్నుంచి నేను ఆమెను చూస్తున్నది సరిగ్గా అలాగే.

మావారు తాళం సంగతి చూస్తుంటే నేను ఒక కోడిని చేతుల్లోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. దాని గుండె నా అరచేతిలో టకటక కొట్టుకుంటోంది. ఎంత బాగుందో! ఇంటికి తీసుకుపోదామా అనిపించింది. దాని కాళ్లు సర్దుతుంటే కుడికాలి వెనకవేలు పొట్టిగా తగిలింది. కొస లేదు. గోరూ లేదు. నున్నగా మాని ఉంది.

రెండో కోడిని తీశాను. దానికీ కుడికాలి వెనకవేలే. మూడోదానికీ అంతే.

"ఏమండీ!" అన్నాను. "ఈ కోళ్లన్నీ ఒక ఇంటివి!"

ముగ్గురు మగవాళ్లూ నావైపు తిరిగారు.

"మా ధర్మవరంలో మగ్గాల ఇండ్లల్లో కోళ్లు కలిసిపోకుండా రెక్కకు పట్టు రంగు పూస్తాం. మా అవ్వ ఎప్పుడూ పసుప్పచ్చే పూసేది. రంగు లేని ఊళ్లల్లో పిల్లగా ఉన్నప్పుడే వేలి కొస కత్తిరిస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో వేలు. ఈ ఆఫీసు కోళ్లు వలగదిలో పొదిగించినవి కదా? వాటికి గుర్తెందుకు పెడతారు?"

సుబ్బలక్ష్మి ముఖం ఎర్రబడింది. "కాళ్లు గుడ్డలో ఉండె. నేను చూసిందే లేదు" అంది.

మావారు నావైపు చూసిన చూపు ఉంది చూడండి, దానికోసం ఇంకా నాలుగు ఊళ్లు తిరగమన్నా తిరుగుతాను.

కంచె అవతల ఒకామె పొద్దున్నుంచీ నిలబడే ఉంది. యేసన్న భార్య కదిరమ్మ. ఆమెది ఈ ఊరే. దగ్గరికి పిలిచి కోడికాలు చూపించాను.

"ఈ గుర్తు ఎవరింటిదో తెలుసా అక్కా?"

"తెలీకేమమ్మా. ఎడమ కాలి నడిమేలు మా అమ్మోల్లది. కుడికాలి ఎనకేలు హనుమక్కది." అని, ఎస్సై వైపు తిరిగింది. "నా మొగుడు కోళ్లు తిన్న్యాడంటివి గదా సారూ? ఆయప్ప ఈ బోను పనికి వచ్చినాంక ఇంట్లో కోడికూర వండనీడు. నోట్లోకి పోదంట. ఈడ ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి ముద్దుగా పిలుస్తాడు. నన్ను ఒగ దినమన్నా అట్ల పిల్సిండడు."

పాపం, ఈమెకూ కోళ్ల మీద కడుపుమంటే.

హనుమక్క కళ్లంలో శెనక్కాయ కట్టె దులుపుతోంది. ముసలామె, గొంతు మాత్రం గంటలా ఉంది. మేము అడిగీ అడగకముందే చెప్పింది.

"అమ్మినా. రేత్రిళ్లు పొగేసి గూట్లో మూస్తా, దోమ గూడా ముట్టని కోళ్లు అవి. పదీ ఒగేసారి కొన్న్యాడు. మా చేన్లో శెనక్కాయ పెరికిన దినం."

"అంటే వారం పైనే అయింది" అంది కదిరమ్మ. "అప్పుడు మాయప్ప తనకల్లులో అమ్మ కర్మంతరంలో ఉండె. ఊరంతా సాచ్చికం."

గంగాధరప్ప టోపీ తీసి తల గోక్కున్నాడు.

"కొన్నది ఎవరవ్వా?" మావారు అడిగారు.

"మొగం సరిగ్గా సూడలేదు నాయనా. తలకు టవలు కప్పుకోనుండె. బేరం ఆడలే. అది గాదు నాకు ఇచిత్రం. కోడిని కొనేటోడు ఎవుడైనా రొమ్ము పిసికి సూస్తాడు, ఈకలూది సూస్తాడు. ఆయప్ప ఒక్కోదాని రెక్క ఎత్తి లోపల సూసినాడు. రెక్కలో ఏముంటాదప్పా కూర?"

మావారు నవ్వారు. "రెక్క కింద నరం చూసినాడు. రక్తం తీసేవాళ్ల అలవాటు అది."

"అయితే కొంగలాపీసు మనిషే!" ఎస్సై ఎగిరి పడ్డాడు. "యేసన్న కాదంటే మేడమే. తాళంచెవి ఆమెదే. మనిషిని పంపి కొనిపిచ్చింటాది. పరీక్ష బాగుందని రాస్తే ఆమెకే కదా పేరొచ్చేది!"

"నేనే మార్చి, నేనే జయరాంను పిలిపించినానా?" అంది సుబ్బలక్ష్మి. ఆమె కళ్లు నిండడం అప్పుడే చూశాను.

ఆధారం లేకుండా మావారు మాట్లాడరు. నేను నోరు మూసుకుని ఊరుకుంటే ఇంకో గంట ఆమె ఇలాగే నిలబడి ఉండాల్సివచ్చేది. ఊరుకోవచ్చు. సుబ్బూ అని పిలిపించుకున్నదానికి అది తక్కువ శిక్షే. కానీ నా మనసులో అంజినప్ప చూపు మెదులుతూనే ఉంది.

"ఏమండీ, ఒకసారి ఆఫీసుకు పోదాం. నాకు దోమలు చూడాలనుంది" అన్నాను.

"హనీమూనులో దోమలు చూసే ఆడమనిషిని ఇప్పుడే చూస్తాండా" అన్నాడు గంగాధరప్ప.

ఆఫీసులో అంజినప్ప మర్యాదగా కుర్చీలు వేశాడు. గాజు గొట్టాలు, వల కట్టిన పెట్టెలు, నీళ్ల పళ్లేల్లో నల్లటి గుడ్ల తెప్పలు. నేను బీఎస్సీలో జువాలజీ చదివాను. ఆ తెప్పల్ని చూస్తే కాలేజీ ల్యాబు గుర్తొచ్చి సంతోషం పట్టలేకపోయాను.

"ఇవన్నీ మీరే పెంచినారా సార్?"

"నేనే తల్లీ." ఆయన ముఖం వెలిగింది. "మూడేండ్లయింది. ఒక్క తరం గూడా తెగకుండా పెంచుతాండా. లోపలి గదిలో ఇంగా ఉండాయి. చూసేటోల్లే లేరు."

"ఈ గుడ్లు ఎప్పటివి?"

"నిన్న పెట్టినవి."

"ఆడదోమ రక్తం తాగకుండా గుడ్లు పెట్టదు కదా సార్. వీటికి ఏం తాపుతారు?"

"కుందేలు."

"ఏదీ? నాకు కుందేళ్లంటే చాలా ఇష్టం."

అంజినప్ప గొట్టం ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "అది... చచ్చిపోయింది."

"ఎప్పుడు?"

"నెలైంది."

"మరి నిన్నటి గుడ్లకు రక్తం యాడిది?"

మావారు లేచి లోపలి గది తలుపు ముందు నిలబడ్డారు. "తెరుస్తారా, ఎస్సైగారితో తెరిపించమంటారా?"

"ఆ గది వారెంటు లేకుండా..." అంటూ గంగాధరప్ప అడ్డం రాబోయాడు.

"యేసన్న ఇంటికి వారెంటు తీసుకొని పోయినావా అన్నా?"

గంగాధరప్ప తనే భుజంతో తలుపు నెట్టాడు.

గోడవారగా వల కప్పిన బుట్టలు. లోపల పది కోళ్లు. రొమ్ము మీద ఈకలు గొరిగి ఉన్నాయి. దోమలు నెత్తురు తాగడానికి వీలుగా అక్కడ చర్మం బయటపెట్టారు. ప్రతిదాని కాలికీ రింగు తీసేసిన చోట పొలుసులు తెల్లగా మెరుస్తున్నాయి. నేను వెనకవేళ్లు తడిమి చూశాను. పదింటికీ గోళ్లు ఉన్నాయి.

"దోమల గదిలో కోడి కనపడినా ఎవరూ ఏమీ అనుకోరు. ఉండాల్సిన వస్తువే కదా" అన్నారు మావారు. "తాళంచెవి మైనంలో అద్దుకొని ఇంకోటి చేయించినారు. అవునా?"

అంజినప్ప కూర్చున్నాడు. సుబ్బలక్ష్మినే చూశాడు.

"ఈ ఏడు దోమలు ఎప్పుడూ లేనంత పుట్టినాయని మీకు మూడుసార్లు చెప్పినా మేడం. 'దోమలుంటే చాలదు అంజినప్పగారూ, కోళ్లు చెప్పల్ల' అంటిరి. పదిహేనేండ్లు నేను కొట్టాల్లో నిలబడి కుట్టిచ్చుకున్న్యా. మీరు పది కోళ్లు తెచ్చి బోన్లో పెడితే జీపొచ్చె, పేపర్లో పటాలొచ్చె. సరే, మీ కోళ్లు ఏమీ చెప్పకుండా చేస్తా అనుకున్న్యా. ఈ ఒక్క ఏడూ. మీ బోను పనికిరాదని అందరికీ తెలిసినాంక నేనే మళ్లీ..."

"ఏమీ చెప్పకుండా అంటే?" సుబ్బలక్ష్మి అతని దగ్గరికి వచ్చింది. "ఊళ్లో జబ్బు వచ్చేదాకా అనా?"

"వస్తాదని నాకేం తెల్సు? నాకు రక్తం పరీక్ష చేసేది రాదు."

మావారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆఫీసు వెనకే అంజినప్ప క్వార్టరు. తలుపుకు తాళం. వాకిట్లో తాడు మీద ఒక్క మగవాడి పంచె ఆరేసి ఉంది.

"ఇంట్లోవాళ్లు యాడికి పోయినారు?"

"లేపాక్షికి. దేవుని దర్శనానికి."

"పిల్లలు గూడానా?"

"...అవును."

"బడి తెరిచే ఉంది కదా. ఎప్పుడు పంపినారు?"

జవాబు గంగాధరప్ప చెప్పాడు, ఎవరూ అడక్కుండానే. "ఆదివారం. బస్టాండులో నేనే చూసినా. పెట్టెలు, పరుపులతో గూడా పోతాండ్రి. దర్శనానికి పరుపులెందుకని నాకు తోచనే లేదు."

"పరీక్ష నీకు రాదు" అన్నారు మావారు నెమ్మదిగా. "కానీ ఈ కోళ్ల రక్తం తీసి, ఎవరో తెలిసినవాళ్ల ల్యాబుకు పంపించినావు. ఆనవాలు ఉందని కబురొచ్చింది. ఆదివారం నీ పిల్లల్ని ఊరు దాటించినావు."

అంజినప్ప తల దించుకున్నాడు. "ఎనిమిదింటికి ఉండాదని చెప్పినారు" అన్నాడు.

సుబ్బలక్ష్మి బల్ల అంచు పట్టుకుంది. నేను ఆమె పక్కకు ఎప్పుడు వెళ్లానో నాకే తెలియదు, ఆమె మోచెయ్యి నా చేతిలో ఉంది.

గంగాధరప్ప అంజినప్ప చొక్కా పట్టుకుని లేపాడు. మావారితో పంతమేమీ ఆ ముఖంలో మిగల్లేదు. "మేడం, లారీ యాడుండాదో చెప్పండి. వైర్లెస్‌లో నేను పిలిపిస్తా. యేసన్నను ఈ నిమిషమే వదుల్తా" అన్నాడు.

వాకిట్లో కదిరమ్మ అంతా వింది. మొగుణ్ని వదుల్తున్నారన్న మాట ఆమె చెవికెక్కినట్టు లేదు. గడప దగ్గరే నిలబడి, అంజినప్పనే చూస్తూ అడిగింది.

"నీ పిల్లోల్లను పంపిచ్చుకున్న్యావు సారూ. నా గుడిసె నీ ఇంటి ఎనకే కదా. ఒగ మాట మాకు సెప్పగూడదా?"

ఆమె సుబ్బలక్ష్మి వైపు తిరిగింది.

"అమ్మా, మా పాపకు పొద్దున్నుంచి ఒళ్లు కాల్తాంది. నాయన కోసరం ఏడ్సి ఏడ్సి వచ్చిందిలే అనుకోని, పండబెట్టి వచ్చినా."

మేమిద్దరం పరిగెత్తాం, నేనూ సుబ్బలక్ష్మీ. చెప్పులు ఎక్కడ వదిలేశామో తెలియదు. గుడిసెలో చాప మీద ఐదేళ్ల పిల్ల, కళ్లు సగం మూసి, దిక్కుతోచనట్టు చూస్తోంది.

"బంగారూ, గడ్డం ఎదకు ఆనించు, చూద్దాం" అంది సుబ్బలక్ష్మి.

పిల్ల ఆనించలేదు. సుబ్బలక్ష్మి ఆమె తల కింద చెయ్యి పెట్టి మెల్లగా పైకెత్తింది. మెడ వంగలేదు. తలతోపాటు భుజాలూ లేచాయి.

సుబ్బలక్ష్మి నన్ను చూసింది. మెడ బిగిసిందంటే మెదడువాపేనని ఆ ముఖమే చెప్పింది. జీపు కోసం వాకిట్లోకి ఉరికాను.

పక్క గుడిసె ముందు ఒకామె చంకలో బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. ఆ బిడ్డ చెయ్యి వేలాడుతోంది.

"డాక్టరమ్మ వచ్చిందంట గదమ్మా" అంది. "మా వోనికీ రేత్రి నుంచి ఇట్లే ఉండాది. ఒకసారి సూస్తాదేమో అడుగు."

ఆమె వెనక ఇంకో గుడిసె తలుపు తెరుచుకుంది.